ఎత్తక ముందు

దుందుభి వాగుల పొద్దింక పొడవలే.
అరవై రెండు టన్నుల గర్డరు
ఇసుక పక్కన దిమ్మెల మీద పన్నది,
ఎవడు లేపుతడో సూస్తనన్నట్టు.

రెండు క్రేన్లు, ఒక్క బరువు.
కాడి కట్టినోళ్లకు తెలుసు
ఒక ఎద్దు అడుగు ముందేస్తే
రెండోదాని మెడ మీద ఏం పడుతదో.
ఇందుమతి మేడం గదే మాట లెక్కల చెప్తది:
చార్టుల రాసిన బలంల ముప్పావు వంతే మనది,
మిగిలిన పావు
మనకు తెల్వనిదానికి ఇడిచిపెట్టాలె.

నేను సైగలు చేసేటోణ్ణి.
క్యాబిన్ల కూసున్న మక్బూలుకు గర్డరు అవతలి కొస కనబడది,
అవతలి క్రేన్ల ఓంకారుకు ఇవతలి కొస కనబడది,
ఇద్దరికీ కనబడేది నా చెయ్యి.
చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే కొక్కెం లేస్తది,
బొటనవేలు లేపితే బూమ్ లేస్తది.
గీ సైగలు నేనొక్కణ్నే చెయ్యాలె.
రెండు చేతులు చాపి ఆగుమనేది మాత్రం
ఎవరన్న చెయ్యొచ్చు.
చాయ్ తెచ్చే పోరడు చాపినా క్రేను ఆగాలె.
పొద్దుగాల మీటింగుల గీ ఒక్క మాట
మూడుసార్లు మాతోనే అనిపిస్తది మేడం.

మా నాయిన కాలంల మీటింగు లేదు.
పాలమూరు లేబరంటే ఎత్తమన్నకాడ ఎత్తుడే,
మేస్త్రి హైసా అంటే హైసా.
ఏ రాష్ట్రమో, ఏ డ్యామో ఆయినకే యాది లేదు,
ఎడమ చేతి రెండు వేళ్లు మాత్రం
ఆ గోడలనే ఉండిపోయినయి.
పన్నెండు వేళ్లతోటి సైగ చేస్త నేను.

ఆ పొద్దు అన్నీ సూసినం.
స్లింగుల తేదీలు, షాకిల్ పిన్నులు,
ఇనుప తాడుల పోగులు తెగినయా అని
గుడ్డతోటి ఆ కొస దాక తుడిసినం.
గాలి మీటరు ఉన్నా నాకు నమ్మకం
బొంగుకు కట్టిన ఎర్ర పీలిక మీద.
పీలిక కదలలే.
కాయితం మీద తొమ్మిది సంతకాలు.
రోడ్డు పదింటిదాకనే బందు.

చెయ్యి లేపబోతుంటే
రిబ్బను అవతల ఎవరో రెండు చేతులు చాపిన్రు.
ఈదమ్మ.
మేకలను మలుపుడో, మమ్ముల ఆపుడో తెల్వలే.
ఏదైతేంది, చాపితే చాపినట్టే.
ఆపిన.

"గా ఇనుప కాలు పెట్టినకాడ బాయి ఉండె, బిడ్డా."
ఏం బాయి?
"మా మామ తవ్విన మోటబాయి. కరువుల ఎండిపోతే
బండలు, తుమ్మకంప, సచ్చిన బర్రె,
ఏది దొరికితే గది ఏసి పూడ్చిరి. పైన మొరం పోసిరి."

డ్రాయింగుల బాయి లేదు.
మట్టి పరీక్షకు ఏసిన రెండు బోర్లు
దానికి అటొకటి ఇటొకటి పోయినయి.
కాంట్రాక్టరు బామ్మర్ది వాచీ సూస్కుంట
ముసలిదాని మాటకు దినం కిరాయి ఎవడు కడతడన్నడు.
మేడం ఏమనలే.
క్రేను కాలు ఎత్తిపిచ్చింది,
కింది పలకలు తీపిచ్చింది,
గడ్డపార నా చేతికిచ్చింది.
మొదటి రెండు పోట్లకు మొరం ఖంగుమన్నది.
మూడోదానికి
గడ్డపార నా పిడికిలి దాక దిగింది.
లోపట్నించి సల్లటి వాసన.

బామ్మర్ది అంగీ చెయ్యిని
వాచీ మీదికి గుంజుకున్నడు.

క్రేను పదకొండు మీటర్లు ఎనకకు జరగాలె.
దూరం పెరిగితే బలం తగ్గుతది,
నిండు బిందెను చేతులు చాపి పట్టుకున్నోళ్లను అడుగుండ్రి.
మళ్ల లెక్క, ఇంకా పెద్ద క్రేను, మళ్ల తొమ్మిది సంతకాలు.
ఆరు దినాలకు గర్డరు లేసింది,
పిల్లర్ల మీద సప్పుడు లేకుంట కూసున్నది.
ఎవలికీ ఏం కాలే.
ఏం కానిది పేపర్ల రాదు.

కొత్త డ్రాయింగుల మేడం ఓ సున్నా సుట్టి
పక్కన చేత్తోటి రాసింది: ఈదమ్మ బాయి.
సూపిస్తే ఈదమ్మ తలకాయ అడ్డంగ ఊపింది.
"నాదెట్లయితది? తవ్వింది మా మామ. ఆయిన పేరు రాయుండ్రి."
మేడం పెన్ను తీసింది. ఏం పేరమ్మా?
మామ పేరు కోడలి నోట రావొద్దంట.
కొంగు నోటికి అడ్డం పెట్టుకొని
వాగు దిక్కు మొకం తిప్పింది.
పెన్ను గట్లనే పట్టుకొని నిలబడ్డది మేడం.
ఎనక ఈదమ్మ మేక ఒకటి
మా ఎర్ర పీలిక నములుతున్నది.